పటం చెక్క కింది గీత

మా బావను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ప్రెస్సులోనూ, మా వీధిలోనూ అందరికీ ఆయన సిరాబుడ్డి. పొట్టిగా, గుండ్రంగా, మెడ ఉందో లేదో తెలియకుండా ఉండేవాడు. పైగా జీవితమంతా సిరా కలుపుతూనే బతికాడు. ఇంకే పేరు పెడతారు? ఆయనకేం కోపం వచ్చేది కాదు. "మూత జాగ్రత్తండోయ్, ఒలికిపోతాను" అని తనే ఎదుటివాళ్ళని నవ్వించేవాడు.

నేను ఆయనకు మరదల్ని. బట్టలు కుట్టి బతుకుతున్నాను. అక్కా బావా కింది వాటాలో, నేను పై వాటాలో ఉండేవాళ్ళం. నాకు ముక్కు మీద కోపమనీ, ఊళ్ళో అందరి బట్టలకీ కుట్లు వేస్తాను గానీ నా నోటికి వేసుకోవడం మాత్రం చేతకాదనీ మా అక్క అంటుంది. అననీ. ఈ కథ అక్క చెప్పదు. చెప్పాల్సిన బావ లేడు. ఇక మిగిలింది నా నోరే.

బావ పనిచేసిన ప్రెస్సులో పుస్తకాలూ పేపర్లూ అచ్చు వేయరు. చదువు సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ పత్రాలు, దస్తావేజు కాగితాలు, ఇలా దొంగ నకలు తీయాలని ఎవడికైనా చేతులు దురదపెట్టే కాగితాలన్నీ అక్కడ తయారయ్యేవి. మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో బావ అక్కడ రోలర్లు కడగడానికి చేరాడు. పాత సిరా మేస్త్రీకి ఈయన కంటిచూపు మీద గురి కుదిరి, తన గదిలోకి తీసుకున్నాడు. కిటికీలు లేని గది అది. నున్నటి రాతి పలక మీద వెడల్పాటి కత్తితో ముద్దను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నూరుతూ ఉండాలి. ముద్దకు రంగంటూ ఉండదు. సరిగ్గా కలిసిందో లేదో కళ్ళకు తెలియదు.

అది వెలుతురుకు పలికే సిరా. ఒక రకం మామూలుగా చూస్తే కనపడదు, యూవీ లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది. రెండో రకం అంటే బావకు ప్రాణం. నీడలో కాగితం తెల్లగానే ఉంటుంది. ఎండ తగిలినా, ఆ లైటు పడినా అందులోంచి ఊదా రంగు తేలుతుంది. మళ్ళీ నీడలోకి తెస్తే మెల్లగా మాయమైపోతుంది. ఫొటోకాపీ తీసేవాడికి అక్కడ ఏదో ఉందనే తెలియదు. తెలిసినా ఆ సిరా వాడికి ఎక్కడా దొరకదు. ఆ గది సంగతులు బయట పెదవి విప్పనని మాట ఇస్తేనే ఆ పని ఇస్తారు. పాత మేస్త్రీ పోయాక గది తాళం చెవి బావ నడుముకి ఎక్కింది. స్నానానికి వెళ్ళినా దాన్ని తువ్వాలు పక్కనే పెట్టుకునేవాడు.

ఇంకోటి కూడా ఆయన ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది. చొక్కా జేబులో పెన్నులాంటి చిన్న యూవీ లైటు. గదిలో ప్రతి కలుపునీ కాగితం మీద రాసి, లైటు వేసి, వరండాలోకి తెచ్చి ఎండకు పెట్టి, నీడకు పెట్టి, తన కళ్ళతో చూసుకుంటే తప్ప డబ్బా బయటికి పంపేవాడు కాదు. "చూడనిది నా గది దాటదు" అనేవాడు. ఆ పిచ్చి ఇంటికీ పాకింది. బస్సు పాసుల మీద వేసేవాడు, శుభలేఖల మీద వేసేవాడు. సబ్బుపొడితో ఉతికిన బట్టలు ఆ లైటుకి తెల్లగా మెరుస్తాయి కదా, అక్క ఉతికిన చొక్కా మీద వేసి "అబ్బో, మా ఆవిడ ఉతుకు అసలు సిసలు!" అని మురిసిపోయేవాడు. ఒకసారి నేను నవ్వుతుంటే నా పళ్ళ మీద వేసి, "మరదలు పిల్లా, రెండు పళ్ళు నకిలీవి" అన్నాడు. చేతిలో ఉన్న కొలత టేపుతో ఒక్కటిచ్చాను.

అసలు మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడే ఆయన తీరు బయటపడింది. పెళ్ళి మాటలకని పిలిస్తే వచ్చాడు. అక్క అప్పుడే నర్సు చదువు ముగించుకుని వచ్చింది. అందరం ఈయన దాన్ని ఎప్పుడు చూస్తాడా అని గుమ్మం పక్కన నక్కి చూస్తుంటే, ఈయన "అమ్మాయి సర్టిఫికెట్ ఓసారి చూడొచ్చాండీ?" అన్నాడు. మా నాన్న మొహం మాడిపోయింది. అయినా ఇచ్చాడు. ఈయన దాన్ని తీసుకుని పెరట్లోకి నడిచి ఎండకు పట్టుకున్నాడు. తెల్లటి కాగితం నడుమ ఊదారంగు పువ్వు విచ్చుకుంది. "ఇది నా సిరా" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. అప్పుడు తలెత్తి మా అక్కను చూశాడు. పిల్లను చూడడానికి వచ్చి ముందు కాగితాన్ని చూసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. మా అక్క మాత్రం ఆ కళ్ళనీళ్ళకే పడిపోయింది.

పెళ్ళయ్యాక ఆ సర్టిఫికెట్టుకు పటం కట్టించాడు. ముందు గదికి తనే నీలం రంగు వేసి, కిటికీకి ఎదురుగోడ మీద తగిలించాడు. వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. పిల్లల ఫొటోలు ఉండాల్సిన గోడ మీద అదే ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా బావ కిటికీ తెర వేసి, "ఏం కనపడుతోంది? ఏమీ లేదు కదా?" అని వాళ్ళ చేత ఒప్పించి, ఒక్కసారిగా తెర లాగేవాడు. ఎండ నేరుగా వెళ్ళి పటం మీద పడేది. పువ్వు తేలేది. వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. "సిరాబుడ్డీ, నువ్వు మాయలోడివయ్యా!" అంటే ఆయన పొంగిపోయేవాడు. అక్క వంటింట్లోంచి, "చాల్లెండి మీ గారడీ, కాఫీ చల్లారిపోతోంది" అని కేకేసేది. లోపల మాత్రం దానికీ గర్వమే.

ఎన్నాళ్ళని చూపిస్తారు? చూసినవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు. తెర చిరిగి పీలికలైంది, కొత్తది కుట్టి ఇస్తానన్నాను, కుట్టలేదు. పువ్వు సంగతి అందరం మరిచిపోయాం. గోడ మీద ఉన్నదాన్ని రోజూ ఎవరు చూస్తారు?

ఈలోగా బావ ప్రెస్సులో పెద్దవాడయ్యాడు. కాగితాలు తనిఖీ చేసేవాళ్ళకు లైటు ఎలా వేయాలో, ఏం చూడాలో నేర్పించే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. ప్రతి బృందానికీ ఒకటే పాఠం. "వెలిగితే అసలు, వెలగకపోతే నకిలీ. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏడుస్తారు, దండం పెడతారు. మీరు మనిషి మొహం చూడకండి. కాగితం చూడండి." ఇంట్లో అద్దం ముందు నిలబడి ఈ మాటలు సాధన చేస్తుంటే నేను వెక్కిరించేదాన్ని.

మా అక్క పెద్దాసుపత్రిలో పురుళ్ళ వార్డులో పనిచేసేది. మెల్లమెల్లగా ఆ వార్డు దాని చేతి మీదే నడిచే స్థితికి వచ్చింది. నొప్పులు పడుతున్న మనిషి మంచం పక్కన అది కూర్చుని "నేనున్నాగా" అంటే చాలు, సగం భయం పోయేదట. మా వీధిలో పిల్లలు చాలామంది దాని చేతుల్లోకే వచ్చారు. అందరూ దాన్ని నర్సమ్మ అనే పిలుస్తారు.

అలాంటి రోజుల్లో ఆసుపత్రుల్లో దొంగ సర్టిఫికెట్ల గొడవ బయటపడింది. చదవనివాళ్ళు నర్సులుగా చేరిపోయారనీ, అసలు సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళే కొందరు వాటిని నకళ్ళు తీసేవాళ్ళకు అప్పగించారనీ తేలింది. అందరూ తమ కాగితాలు తెచ్చి చూపించాలన్నారు. అక్క పటాన్ని గోడ మీంచి దించి, దుమ్ము తుడిచి, అలాగే చంకన పెట్టుకుని వెళ్ళింది. "పటం విప్పితే మీ బావ ఏడుస్తారు" అని నవ్వుతూ వెళ్ళింది.

మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. నేను కింద వాళ్ళింట్లోనే దాని యూనిఫారం అంచు కుడుతూ, గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు బావకు సెలవు. అక్క పటాన్ని బల్ల మీద పెట్టింది.

"వెలగలేదట" అంది.

"ఏది వెలగలేదు?" అన్నాడు బావ.

"పువ్వు. నకిలీ అన్నారు. విచారణ తేలేదాకా వార్డులోకి రావద్దన్నారు. విచారణ రోజు దీన్ని తీసుకురమ్మన్నారు." చెప్పులు విడుస్తూ, "నేను చదివిన బడి మూతపడి ఎన్నేళ్ళయిందో. దాని రికార్డులు గోడౌన్లో నీళ్ళొచ్చి ముద్దయిపోయాయట. ఈ కాగితం తప్ప నాకు ఇంకే ఆధారమూ లేదు. తేలకపోతే ఉద్యోగం పోవడం కాదు, కేసు పెడతారు" అంది.

బావ నవ్వాడు. లైటు ఎలా పట్టుకోవాలో తెలియని వాళ్ళెవరో చూసుంటారన్నాడు. జేబులోంచి తన లైటు తీసి అద్దం మీంచి వేశాడు. ఏమీ లేదు. దగ్గరగా పెట్టాడు. పటం తీసుకెళ్ళి కిటికీలో ఎండకు పెట్టాడు. కాగితం కాగితంలాగే ఉంది. చాలాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఇది అది కాదు" అన్నాడు.

"అంటే?"

"నా సిరా చావదు. నేను చూసిన పువ్వు ఈ కాగితంలో లేదు. ఇది ఎవరో చేసిన నకలు." గొంతు తగ్గించి, "నిజం చెప్పు. అసలుది ఎవరికిచ్చావు?" అన్నాడు.

నా నోటి నిండా సూదులు. లేకపోతే ఆ క్షణమే ఆయన్ని కడిగేసేదాన్ని. అక్క మొహం పాలిపోయింది. అది ఏడవలేదు, అరవలేదు.

"మీరు అడుగుతున్నది నన్నా, కాగితాన్నా?" అంది.

బావ మళ్ళీ పటం వైపే చూశాడు. అక్క లోపలికి వెళ్ళి తన దిండు తీసుకుని, మెట్లెక్కి నా గదిలోకి వెళ్ళిపోయింది. నేను సూదులు చేతిలోకి ఊసుకుని, "ఇన్నేళ్ళు కాపురం చేసి ఇదా నువ్వు అడిగేది? నీ సిరాని నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు, ఫో!" అన్నాను. ఆయన వినిపించుకునే స్థితిలో లేడు.

ఆ తర్వాత రోజుల్లో అక్క నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "నేను కోసిన బొడ్డుతాళ్ళన్నీ నకిలీవేనటే?" అంది. దాని తల నిమురుతూ కూర్చున్నాను. వార్డులో ఒకామెకు కవల పిల్లలు పుట్టాల్సి ఉందనీ, నర్సమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోందనీ ఆయా వచ్చి చెప్పి వెళ్ళింది. ఆ రోజు అక్క ఏమీ తినలేదు.

కింద బావ ఒక్కడే. ప్రెస్సులో ప్రతి ఏడూ కలిపిన సిరాతో ఒక నమూనా కాగితం అచ్చువేసి బీరువాలో దాస్తారు. ఆయన అక్క సర్టిఫికెట్ ఏటి నమూనా తీసి చూశాడట. మెట్ల దగ్గర నన్ను ఆపి, "నమూనా వెలిగింది, మరదలు పిల్లా. మొన్న కలిపినంత బాగా వెలిగింది" అన్నాడు. అంటూనే మెట్టు మీద కూలబడ్డాడు. నమూనా చచ్చి ఉండాలని మొక్కుకుంటూ వెళ్ళి ఉంటాడు.

"అయితే ఏమంటావు? మా అక్క దొంగంటావా?" అన్నాను.

"నమూనా వెలిగింది కదా" అన్నాడు మళ్ళీ. నాకు ఒళ్ళు మండి, మొహం మీదే తలుపు వేసేశాను.

విచారణ దగ్గర పడింది. ఒక సాయంత్రం అక్క చెప్పులకోసం కిందికి వెళ్ళాను. బావ ముందు గదిలో నేల మీద కూర్చుని గోడవైపు చూస్తున్నాడు. పటం ఉండాల్సిన చోట మేకు, దాని కింద పటమంత నలుచదరం.

"ఈ గోడకి నేనేం రంగు వేశాను?" అన్నాడు.

"నీలం. మతి కూడా పోయిందా?"

"మరి ఇప్పుడేం రంగుంది?"

అప్పుడు చూశాను. గోడంతా బూడిదరంగులోకి దిగిపోయింది. పటం వెనక ఉన్న నలుచదరం మాత్రం నిన్న వేసినట్టు నీలంగా ఉంది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో తిరుగుతూ మేమెవరం గమనించలేదు.

"ఎండ తినేసింది" అన్నాడు బావ. లేచి నిలబడ్డాడు. "గోడని తిన్నది సిరాని తినదా? మా నమూనాలన్నీ బీరువాలో చీకట్లో ఉంటాయే! ఏడాదికోసారి తీసి, లైటు వేసి, వెలిగిందని మళ్ళీ చీకట్లో పెడతాం. ఒక్క కాగితాన్ని, ఒక్కదాన్ని, మేడ మీద ఎండకి వదిలి చూడలేదు. చీకట్లో దాచుకుని ఇది చావదని ఊరందరికీ చెప్పాను." అని నెత్తి కొట్టుకున్నాడు. "వచ్చినవాడికల్లా తెర లాగి చూపించాను. నేనే చంపుకున్నాను."

చెప్పులు లేకుండానే మెట్లెక్కాడు. నా గది గుమ్మంలో నిలబడి, "తప్పు నాది" అన్నాడు.

అక్క లేచి కూర్చుంది. "ఏది? పువ్వు పోయిందా, మీరు అడిగిందా?"

"రెండూ."

అక్క తల తిప్పుకుంది. బావ గుమ్మం దాటలేదు. అక్కడి నుంచే చెప్పాడు. ఆ సర్టిఫికెట్ నాలుగు అంచుల వెంట, దారమంత సన్నగా, అదే సిరాతో ఒక గీత ఉంటుంది. పటం చెక్క పెదవి నాలుగు వైపులా కాగితం మీదికి వచ్చి ఆ గీతను కప్పేస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ దాని మీద ఎండ పడలేదు. ఆసుపత్రిలో అద్దం మీంచి పువ్వునే చూశారు, తనూ పువ్వునే చూశాడు. గీత బతికి ఉండొచ్చు.

నాకు ప్రాణం లేచొచ్చింది. కిందికి పరిగెత్తి పటం తెచ్చి బల్ల మీద బోర్లించాను. కత్తెర మొనతో వెనక మేకులు లేపడం మొదలుపెట్టాను. బావ జేబులోంచి లైటు తీశాడు. బొటనవేలు మీట మీద ఉంది.

"ఆపండి" అంది అక్క.

ఇద్దరం ఆగిపోయాం.

"ఇప్పుడు వెలుగుతుందనుకుందాం. మళ్ళీ విచారణలో కూడా వెలుగుతుందా?"

బావ ఆలోచించాడు. "చెప్పలేను. చెక్క సందులోంచి ఎంతో కొంత వెలుతురు దూరే ఉంటుంది. కొన ఊపిరితో ఉంటే ప్రతి చూపూ కొంత తినేస్తుంది. కానీ నేను చూడకుండా ఏదీ..." అని ఆగాడు.

"మీ గది దాటదు. తెలుసు. ఇది దాటనివ్వండి." అంది అక్క. "మీరు ఇప్పుడు చూసి, వెలిగింది కాబట్టి నన్ను నమ్మితే, దాంతో నాకేం పని? అదేదో విచారణవాళ్ళు నమ్ముతారు. మీరెందుకు నాకు?"

బావ చేతిలోని లైటు వైపు చూసుకున్నాడు. నేనైతే చూసేసేదాన్ని, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆయన మాత్రం దాన్ని జేబులో పెట్టుకుని, నేను లేపిన మేకుల్ని ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి, పటాన్ని అక్క మంచం పక్కన నిలబెట్టి కిందికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రెస్సు మేనేజరుకు విషయం చెప్పాడు. ఆయన ఎగిరిపడ్డాడట. "ఏమయ్యా సిరాబుడ్డీ, మన సిరా ఎండకి చస్తుందని నువ్వే వెళ్ళి చెప్తావా? ఆ ఏటి కాగితాలున్న ప్రతివాడూ మన గుమ్మం ముందు నిలబడతాడు. పెదవి విప్పనని మాటిచ్చి చేరావు, గుర్తుందా?" బావ నడుముకున్న తాళం చెవి విప్పి ఆయన బల్ల మీద పెట్టాడు. "మాట తప్పేవాడి దగ్గర ఇది ఉండకూడదండి" అని వచ్చేశాడు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. నడుము బోసిగా కనపడి నేనే గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు.

విచారణ ఆసుపత్రి పై అంతస్తులో. పొడుగాటి బల్లకు ఆవల పెద్ద డాక్టరమ్మ, పక్కన రాసుకునే గుమాస్తా, ఇంకో పక్క తనిఖీ చేసే ఆవిడ. ఆ తనిఖీ ఆవిడ బావను చూసి లేచి నిలబడింది. ఆయన దగ్గరే పని నేర్చుకుందట.

"క్షమించండి సార్. మీ ఆవిడని నాకు తెలియదు. తెలిసినా అదే రాసేదాన్ని. 'వెలగకపోతే నకిలీ, మనిషి మొహం చూడకండి' అని మీరే కదా నేర్పారు."

"నేనే నేర్పాను. సగమే నేర్పాను, ఎందుకంటే నాకు సగమే తెలుసు" అన్నాడు బావ. చేతులు కట్టుకుని నిలబడి, ఎండ సంగతీ, బీరువా సంగతీ, తెర లాగి తను ఆడిన గారడీ సంగతీ ఏమీ దాచకుండా చెప్పాడు. పటం చెక్క కింది గీత గురించి చెప్పాడు.

పెద్ద డాక్టరమ్మ విని, "మీరు ఇంట్లో చూసుకునే వచ్చారా?" అంది.

"లేదండి."

"ఆ గీత కూడా వెలగకపోతే?"

బావ తడుముకోలేదు. "వెలగకపోతే నా సిరా చచ్చిందని అర్థమండి. మా ఆవిడ అబద్ధమాడిందని కాదు. దొంగ కాగితం అని మీరు రాసుకుంటే రాసుకోండి. నేను మాత్రం అనను."

తనిఖీ ఆవిడ పటం వెనక మేకులు తీసింది. కాగితాన్ని జాగ్రత్తగా బయటికి లాగింది. గుమాస్తా కిటికీలు మూశాడు. మసక వెలుతురులో మూడు వైపుల అంచుల మీద అట్టముక్కలు కప్పి, కింది అంచు ఒక్కటే వదిలి, లైటు అందుకుంది. అందరం ముందుకు వంగాం. మీట నొక్కిన చప్పుడైంది.

మొదట ఏమీ లేదు. తర్వాత కాగితం కింది అంచున, సూదిలోకి ఎక్కించే దారమంత సన్నగా, ఊదారంగు గీత ఒక మూల నుంచి ఇంకో మూలకు తేలింది. పాలిపోయిన ఊదా. కానీ ఊదానే.

"బావా, చూడు!" అని గట్టిగా అరిచాను.

ఆయన చూడలేదు. బల్ల దగ్గరికి కూడా రాలేదు. నిలబడిన చోటే నిలబడి మా అక్క మొహంలోకి చూస్తున్నాడు. నేను భుజం పట్టి ఊపినా కదల్లేదు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. నేను మళ్ళీ తిరిగేసరికి గీత మాయమవుతోంది, కాసేపటికి కాగితం తెల్లబడిపోయింది.

"మిగతా వైపులు కూడా చూడమంటారా?" అంది తనిఖీ ఆవిడ.

"అక్కర్లేదు. ఇది అసలుదే" అంది పెద్ద డాక్టరమ్మ. అక్కకు మర్నాడే వార్డులోకి రమ్మని చెప్పింది. తనిఖీ ఆవిడ తన జాబితాలో ఇంకా కొందరి పేర్లున్నాయనీ, వాళ్ళ కాగితాలు కూడా గోడల మీద వేలాడినవేమో అడుగుతాననీ చెప్పింది. వాళ్ళలో కొందరివి అలాంటివేనని తర్వాత తేలింది. చదువుకున్నందుకు సంతోషపడి గోడకు తగిలించుకున్నవాళ్ళే దొంగలైపోయారు, ఎంత ఘోరం!

బావకు మళ్ళీ ఆ తాళం చెవి ఇవ్వలేదు. పాడైన కాగితాలు చింపి ముక్కలు చేసే విభాగంలో వేశారు, పని మానేదాకా అక్కడే ఉన్నాడు. "ఇప్పుడు నేను చెత్తబుడ్డిని" అనేవాడు. నవ్వించడానికే అనేవాడు గానీ, సిరా గది ముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని అటు దారే మానేసి, చుట్టూ తిరిగి వెళ్ళేవాడట.

అక్క వెంటనే కిందికి దిగలేదు. వార్డుకు వెళ్ళేది, నా గదికే వచ్చేది. కవల పిల్లలు పుట్టారు, ఇద్దరూ క్షేమం. సర్టిఫికెట్టుకు నల్లగుడ్డతో సంచీ కుట్టమంది. కుట్టి ఇచ్చాను. ఒక ఆదివారం దిండు చంకన పెట్టుకుని, "వెళ్తున్నానే" అంది. నేను కూడా వెనకే దిగాను. బావ చదువుతున్న పేపరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అక్క నల్లసంచీని రేకుపెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కిందికి తోసి, "ఇంకా మూడు వైపులున్నాయి" అంది. ఆయన తలూపాడు. ఆ గోడ మీద మళ్ళీ ఏమీ తగిలించలేదు, రంగూ వేయలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. యూవీ లైటు జేబులోంచి తీయలేదు. శుభలేఖల మీదా, ఉతికిన బట్టల మీదా, పాపం ఒకసారి పక్కింటి పిల్లి మీదా వేశాడు. ఆ పెట్టె జోలికి మాత్రం మా ఎదుట ఎప్పుడూ వెళ్ళలేదు. అక్క రోజంతా వార్డులోనే ఉండేది. ఇంట్లో ఆయన, మంచం కింద ఆ పెట్టె. చూడకుండా ఏదీ వదలని మనిషికి అదెంత కష్టమో నాకు తెలుసు. పోయిన చలికాలంలో మధ్యాహ్నం కునుకు తీస్తూ నిద్రలోనే పోయాడు. ఎవరికీ చాకిరీ లేకుండా, ఒలకకుండా వెళ్ళిపోయాడని వీధిలో అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఇంకా గొడవపడడానికి బావ కావాలి.

మొన్న అక్కా నేనూ ఆయన చొక్కాలు సర్దుతున్నాం. ఒక జేబులో లైటు తగిలింది. మీట నొక్కితే వెలిగింది. నాకు దురద పుట్టింది. వంగి మంచం కిందనుంచి రేకుపెట్టె లాగాను.

"అక్కా, ఓసారి చూద్దామే. ఆ మూడు వైపులూ ఇంకా బతికే ఉన్నాయేమో. తాళం చెవి ఏది?"

"దానికి తాళం ఎప్పుడు వేశాను?" అంది అక్క, చొక్కా మడత పెడుతూ.

నేను మూత ఎత్తితే ఇట్టే వచ్చేసింది, లోపల నల్లసంచీ. "వేయలేదా? ఇన్నేళ్ళూ? రోజంతా ఆయన్ని దీంతో ఇంట్లో వదిలేసి వెళ్ళేదానివి! అయితే చూసే ఉంటాడే. ఆయన సంగతి నీకు తెలీదూ?"

"చూశారేమో. చూడలేదేమో."

"అదే కదా, ఇప్పుడు లైటు వేస్తే తెలిసిపోతుంది!"

అక్క చొక్కా పక్కన పెట్టి నావైపు చూసింది. "వెలగలేదనుకో. అప్పుడు నేనేమనుకోవాలి? సిరా ముసలిదై చచ్చిందనుకోనా, నేను లేనప్పుడు మీ బావ దొంగచాటుగా చూశారనుకోనా?" దాని కళ్ళు నిండాయి. "ఆ రోజు అందరూ గీతవైపు చూస్తుంటే ఆయన నా మొహం చూశారు. ఆయన పోయాక నేను లైటు పట్టుకుని కూర్చోనా? పెట్టె మూసెయ్."

లైటు ఆర్పి, సంచీ ముడి విప్పకుండానే పెట్టె మూసి, మంచం కిందికి తోసేశాను.